పండక్కి ఇంటిల్లిపాదీ చూడటానికి: మాయాబజారా, గుండమ్మ కథా, మిస్సమ్మా?

సంక్రాంతి సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ప్రతి ఏడూ ఒకటే గొడవ. "ఏదన్నా మంచి పాత సినిమా పెట్టండ్రా" అంటుంది మా పెద్దమ్మ. ఆ మాట కోసమే కాచుకున్నట్టు నాలుగు వైపుల నుంచీ నాలుగు పేర్లు వస్తాయి. మావయ్యకి మాయాబజార్ కావాలి. అత్తయ్యకి గుండమ్మ కథ. అమ్మమ్మ ఏమీ అడగదు కానీ మిస్సమ్మ అంటే లేచి కూర్చుంటుంది. పిల్లలకి ఈ మూడూ వద్దు, బొమ్మ కదిలితే చాలు. పదిహేనేళ్ళుగా ఈ పంచాయితీ తీర్చే పని నా నెత్తిన పడింది. కాబట్టి మీ ఇంట్లోనూ ఇదే గొడవ ఉంటే, ఏది ఎప్పుడు వేస్తే జనం లేచిపోకుండా కూర్చుంటారో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒక మాట. పండగ సినిమా వేరు, మంచి సినిమా వేరు. పండగ నాడు ఇంట్లో ఎవరూ రెండున్నర గంటలు కుదురుగా కూర్చోరు. మధ్యలో చుట్టాలొస్తారు, పొయ్యి మీద పాలు పొంగుతాయి, పసిపిల్లాడు ఏడుస్తాడు, ఎవరో గాలిపటం తెగిందని తలుపు కొట్టుకుంటూ వస్తారు. అరగంట వంటింట్లో ఉండి వచ్చినవాళ్ళు "ఇప్పుడేమైంది?" అని అడగక్కర్లేకుండా మళ్ళీ కథలో కలిసిపోగలగాలి. ఎంత గొప్ప సినిమా అయినా ఆ వీలు లేకపోతే పండక్కి పనికిరాదు. దాన్ని మరో రోజు దీపాలార్పి ఒంటరిగా చూసుకోవచ్చు.

ఈ మూడింటికీ ఆ వీలు ఉంది. ఎందుకుందో ఆలోచిస్తే నాకు దొరికిన జవాబు ఇది: మూడూ మారువేషాల కథలే. మిస్సమ్మలో పెళ్ళికాని ఇద్దరు మొగుడూ పెళ్ళాలుగా నటిస్తారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళిపీటల దాకా వెళతాడు. గుండమ్మ కథలో ధనవంతుల కొడుకులిద్దరిలో ఒకడు పనివాడుగా, ఒకడు లేనివాడుగా వేషం వేస్తారు. గుట్టు మనకి మొదటి నుంచీ తెలుసు, తెర మీద వాళ్ళకే తెలియదు. "అయ్యో, వాడు పనివాడు కాదే పిచ్చి గుండమ్మా" అని మనం మనసులో అనుకోవటంలోనే సగం ఆనందం ఉంది. ముగింపు ముందే తెలిసినా పోయేదేమీ లేదు కాబట్టే పదోసారి చూసినా అదే రుచి. చివరిదాకా ఏదో దాచిపెట్టి ఆఖర్న బయటపెట్టే సినిమాలు రెండోసారికే చప్పబడిపోతాయి.

మూడూ ఒకే ఇంటి బిడ్డలు కూడా. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తీసినవి. మూడింటికీ పాటలు రాసింది పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్‌ట్లే. మూడింటిలోనూ ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, ఎస్వీ రంగారావు ఉంటారు. 1947లో చందమామ పత్రిక మొదలుపెట్టింది కూడా ఈ నాగిరెడ్డి, చక్రపాణులే. పిల్లవాడు చదువుతుంటే పక్కన తాతయ్య కూడా తొంగిచూసే కథలు వేసిన చేతులవి. ఆ లక్షణం ఈ సినిమాల్లోకీ వచ్చిందని నాకు గట్టి నమ్మకం.

మాయాబజార్: పిల్లలున్న ఇంటికి

1957 మార్చి 27న విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకత్వం. మహాభారతం చుట్టాల కథే అయినా పాండవులు ఒక్కసారైనా తెర మీద కనిపించరు. ఈ సంగతి మా ఇంట్లో పిల్లలకి చెప్పి "ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి" అని పందెం వేస్తే, మొదటి గంట వాళ్ళు కళ్ళు తిప్పకుండా చూశారు.

ఆ పందెం ఊరికే వేయలేదు. మాయాబజార్‌కి ఒక ఇబ్బంది ఉంది. అందరూ ఎదురుచూసే ఘటోత్కచుడు రావటానికి చాలాసేపు పడుతుంది. ద్వారకలో పిల్లల ముచ్చట్లు, రాజ్యం పోవటం, బలరాముడు మాట మార్చటం, సుభద్ర కొడుకుని తీసుకుని అడవి దారి పట్టటం, ఇవన్నీ అయ్యాకే ఆయన దర్శనం. ఆరేళ్ళ పిల్లలు ఆలోపు జారుకుంటారు. అందుకని సినిమా వేసే ముందు కథ సగం మీరే చెప్పేయండి. ఎవరికి ఎవరంటే ఇష్టమో వాళ్ళే కనిపించే పెట్టె ఒకటి వస్తుందని చెప్పండి. ప్రియదర్శిని తెరిచి శశిరేఖ అభిమన్యుణ్ణి చూసుకునే చోట మా అక్క కూతురు "ఇది వీడియో కాల్ కదా" అంది. ఆ తర్వాత ఆ పిల్లని కదపటం మా తరం కాలేదు.

ఘటోత్కచుడు వచ్చాక ఇక మీరేమీ చేయక్కర్లేదు. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీఆర్ నోట్లోకి వెళ్ళే చోట పిల్లలు వెనక్కి తిప్పమంటారు, తిప్పండి. మాధవపెద్ది సత్యం గొంతు ఆ పాటకి ఎంత సరిపోయిందంటే, ఎస్వీఆరే పాడాడని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. కంబళికి తోడు గింబళి, తల్పానికి తోడు గిల్పం వస్తాయి. కూర్చున్నవాళ్ళని చుట్టేసే ఆ చాప, పడుకున్నవాళ్ళని గిరగిరా తిప్పి పడేసే ఆ మంచం కోసం మా పిల్లలు మర్నాడు దుప్పట్లన్నీ నాశనం చేశారు.

పెద్దవాళ్ళు చూడాల్సింది మాత్రం సావిత్రిని. మాయా శశిరేఖ అంటే ఆడపిల్ల శరీరంలో ఉన్న రాక్షసుడు. పెళ్ళి పాటలో ఆమె మొదట సిగ్గుపడుతూ అడుగులు వేస్తుంది. అంతలో ఎవరూ చూడటం లేదనుకోగానే భుజాలు విరుచుకుని, ఛాతీ ముందుకు తోసి మగవాడి నడక నడుస్తుంది. మళ్ళీ గుర్తొచ్చి సర్దుకుంటుంది. సుశీల గొంతు మధ్యలోకి ఘంటసాల గొంతు వచ్చి పోతుంటే సావిత్రి ముఖం కూడా దానితో పాటే మారుతుంది. పీటల మీద పెళ్ళికొడుకు రేలంగి కాలిని ఆమె తొక్కే చోట ఆ కళ్ళు చూడండి. పెదవి మీద పెళ్ళికూతురు నవ్వు, కళ్ళలో ఘటోత్కచుడు. ఆ ఒక్క దృశ్యం కోసం నేను మూడు గంటలూ మళ్ళీ కూర్చుంటాను.

నలుపు తెలుపా, రంగులా అన్నది మరో తగాదా. 2010లో మాయాబజార్‌కి రంగులద్ది థియేటర్లలో మళ్ళీ విడుదల చేశారు. నిడివి కూడా కొంత తగ్గించారు. నేను రెండూ చూశాను. పిల్లలకి మొదటిసారి చూపిస్తుంటే రంగులదే వేయండి, మొహమాటపడకండి. నలుపు తెలుపు అనగానే "పాతది" అని ముఖం తిప్పుకునే వయసు వాళ్ళది. రాజసభలూ నగలూ రంగుల్లో కళకళలాడతాయి కూడా. కానీ పెద్దవాళ్ళే చూస్తుంటే నలుపు తెలుపు తప్ప మరోటి వద్దు. పడవ పాటలో బార్‌ట్లే పుట్టించిన వెన్నెల ఉంది చూశారూ, నీళ్ళ మీద తెల్లగా పరుచుకుని, ఆకుల సందుల్లోంచి జారి, మొదట అభిమన్యుడూ శశిరేఖా, ఆ తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, చివరికి బలరాముడూ రేవతీ అదే వెన్నెల్లో తేలుతూ పోవటం. రంగు వేస్తే ఆ వెన్నెల నీలమవుతుంది, వెన్నెలగా మిగలదు. మా అమ్మమ్మ రంగుల ప్రింటు చూసి "చీరలు బాగున్నాయి గానీ చందమామ లేడే" అంది.

భాష గురించి కూడా చెప్పాలి. పద్యాలు, కొంచెం గ్రాంథికపు వాసన ఉన్న మాటలు ఉంటాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి, ముఖ్యంగా విదేశాల్లో పెరిగినవాళ్ళకి పక్కన ఒకరు కూర్చుని అర్థం చెప్పాలి. అయితే అసమదీయులు, తసమదీయులు, దుషటచతుషటయం లాంటి పింగళివారి మాటలకి అర్థం చెప్పక్కర్లేదు. అవి తప్పు పలుకులని పిల్లలకే ముందు తెలుస్తుంది, వాళ్ళే ముందు నవ్వుతారు.

గుండమ్మ కథ: ఇల్లంతా నిండి ఉన్న మధ్యాహ్నానికి

ఇంట్లో పదిమందికి పైగా ఉండి, సగం మంది లేస్తూ కూర్చుంటూ ఉంటే మరో ఆలోచన లేకుండా ఇదే వేయండి. ఒకే సినిమా ఎంచమంటే పండగ మధ్యాహ్నానికి నా ఓటు మాయాబజార్‌కి కాదు, దీనికే. మావయ్య ఈ మాటకి నాతో ఇప్పటికీ వాదిస్తాడు.

1962 జూన్ 7న వచ్చింది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు, ఘంటసాల సంగీతం. కన్నడంలో వచ్చిన ఒక సినిమా దీనికి మూలం. ఎన్టీఆర్‌కి ఇది నూరో సినిమా. ఇద్దరు పెద్ద హీరోలు ఉండగా సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం వేసిన పాత్రది. ఎవరి పేరు ముందు వేయాలన్న చిక్కు రాకుండా టైటిల్స్‌లో నటీనటుల పేర్లకి బదులు బొమ్మలు వేశారు. మా ఇంట్లో అది ఒక ఆటయింది. బొమ్మ రాగానే పేరు ముందు చెప్పినవాళ్ళకి ఒక అరిసె. ఛాయాదేవి బొమ్మ దగ్గర ఎప్పుడూ మా అమ్మే గెలుస్తుంది.

దీని గొప్పతనమంతా వరండాలో, పెరట్లో, వంటింట్లో జరుగుతుంది. యుద్ధాలు లేవు, మాయలు లేవు. సవతి కూతుర్ని పనిమనిషిని చేసిన ఒక గయ్యాళి తల్లి, కన్నకూతురి మీద గారాబం, పక్కన నిప్పు రాజేసే ఘంటయ్యగా రమణారెడ్డి. ఏ దృశ్యం దగ్గర వచ్చి కూర్చున్నా ఎవరు ఎవరిని ఏమంటున్నారో క్షణంలో తెలిసిపోతుంది. మన ఇళ్ళలో జరిగే మాటలే కదా.

నాకు బాగా గుర్తున్నది ఒక పండగ. మా పెద్దమ్మ వంటింట్లో గారెలకి పిండి రుబ్బిస్తోంది, గ్రైండర్ చప్పుడు. హాల్లో మహిళా లోకం పాట మొదలైంది. నిక్కరు వేసుకున్న ఎన్టీఆర్ సావిత్రి పక్కన చేరి రుబ్బురోలు దగ్గర పొత్రం తిప్పుతూ పాడే పాట. పెద్దమ్మ గ్రైండర్ ఆపేసి, పిండి అంటిన చేతులు గాల్లో అలాగే పట్టుకుని, గుమ్మంలో నిలబడింది. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక ఒక్క మాట అంది: "మా నాన్న ఒక్కసారైనా మా అమ్మ పక్కన ఇలా కూర్చున్నాడా?" అమ్మమ్మ అక్కడే ఉంది. ఏమీ అనలేదు, నవ్వింది. ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తని మాటలు ఇలా సినిమా మధ్యలో పైకి వస్తాయి. మూడింటిలో ఈ పని ఎక్కువగా చేసేది గుండమ్మ కథే.

సూర్యకాంతం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఎడమచెయ్యి విసురుతూ ఆమె మాట అంటుంటే తిట్లు కూడా వినబుద్ధేస్తాయి. అసలు గొప్పదనం చివర్లో ఉంది. దుర్గమ్మగా ఛాయాదేవి ఇంట్లో చేరి గుండమ్మనే కాల్చుకు తింటుంటే, అప్పటిదాకా గుండమ్మని తిట్టుకున్నవాళ్ళంతా "పాపం" అంటారు. గుండమ్మకి రాక్షసత్వం లేదు, నోరుంది, భయముంది, మందమతి ఉంది. ఆ తేడా సూర్యకాంతం ఎంత జాగ్రత్తగా నిలబెట్టిందో, పెద్దయ్యాక చూస్తే గాని నాకు తెలియలేదు.

ఈ రోజుల్లో చూస్తే గుచ్చుకునేవీ ఉన్నాయి. గర్వం ఉన్న ఆడపిల్లని కష్టపెట్టి దారికి తేవటం అన్న ఆలోచన గుండమ్మ కన్నకూతురు సరోజ కథలో ఉంది. మొగుడూ మావగారూ కలిసి నిజం దాచి ఆ పిల్లని పరీక్షించటం మా అమ్మాయికి అస్సలు నచ్చలేదు, "ముందే చెప్పొచ్చుగా" అని కోప్పడింది. ఆ కోపాన్ని నేను కాదనలేదు. పదేళ్ళు దాటిన ఆడపిల్లలుంటే ఆ సంభాషణకి సిద్ధంగా ఉండండి, జరగనివ్వండి.

మిస్సమ్మ: పిల్లలు పడుకున్నాక

మిస్సమ్మ 1955 జనవరి 12న, అంటే పెద్ద పండగ ముందే విడుదలైంది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. ఉద్యోగం లేని ఎం.టి. రావు, మేరీ ఒక ఊరి బడిలో పంతుళ్ళుగా చేరటానికి దంపతులమని చెప్పుకుంటారు. చేర్చుకున్న జమీందారు దంపతులు ఎప్పుడో తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి కోసం ఎదురుచూస్తుంటారు. పాదం మీద పుట్టుమచ్చ కోసం డిటెక్టివ్‌నంటూ తిరిగే రాజుగా ఏఎన్నార్. అప్పటికే పెద్ద హీరో అయిన ఆయన అలాంటి హాస్యపు పాత్ర ఒప్పుకోవటం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

మేరీ పాత్రకి మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకున్నాక సావిత్రికి వచ్చింది. సావిత్రి వేయాల్సిన సీత (జమీందారు రెండో కూతురు) పాత్ర జమునకి వెళ్ళింది. ఈ సంగతి తెలిసి చూస్తే మేరీ విసుగు, మూతి ముడుపు, కుర్చీలో కూర్చునే తీరు ఇంకో రకంగా కనిపిస్తాయి. అప్పుడు సావిత్రికి ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని వయసు.

సినిమా నెమ్మది. పిల్లలకి ఇందులో నవ్వు వచ్చేవి రేలంగి ఉన్న చోట్లు, ఏఎన్నార్ భూతద్దం చేష్టలు, అంతే. నవ్వంతా రావు, మేరీల మధ్య సన్నగా నడుస్తుంది: రావు సీతకి సంగీతం నేర్పుతుంటే మేరీ ఉడుక్కోవటం, ఉడుక్కున్నానని ఒప్పుకోకపోవటం. పండగ హడావిడిలో ఇది వినిపించదు. అందుకే మధ్యాహ్నం వేస్తే మిస్సమ్మ ఓడిపోతుంది, రాత్రి వేస్తే మిగతా రెండింటినీ మరిపిస్తుంది. సాలూరి రాజేశ్వరరావు పాటలు, ఏ.ఎం. రాజా, లీల గొంతులు. ఇంట్లో కొత్తగా పెళ్ళయిన జంట ఉంటే ఇక సందేహించకండి. చందమామకి చెప్పుకునే పాట వచ్చినప్పుడు మా తమ్ముడి పెళ్ళయిన ఏడు కొత్త మరదలు మొదటిసారి మా అందరి ముందు గొంతు విప్పి పాడింది. అప్పటిదాకా ఆమె పాడుతుందనే మాకు తెలియదు.

ఇది నచ్చినవాళ్ళకి మర్నాడు బాపు తీసిన పెళ్ళి పుస్తకం వేయండి, 1991లో వచ్చింది. మిస్సమ్మని తిరగేసిన కథ: నిజం మొగుడూ పెళ్ళాలు ఉద్యోగం కోసం పెళ్ళికానివాళ్ళలా నటిస్తారు. రెండూ వరసగా చూస్తే ఒకదానికొకటి జవాబిచ్చినట్టు ఉంటుంది.

తర్వాతి కాలం సినిమాలే కావాలంటే

నలుపు తెలుపు అంటే ససేమిరా అనే కుర్రకారు ఎక్కువగా ఉంటే 1990 నాటి జగదేకవీరుడు అతిలోకసుందరి ఉంది. చిరంజీవి, శ్రీదేవి, పోయిన ఉంగరం, నలుగురు అనాథ పిల్లలు, ఇళయరాజా. పిల్లలకి కథ ఇట్టే ఎక్కుతుంది. మంత్రగాడిగా అమ్రీష్ పురిని చూసి మరీ చిన్నవాళ్ళు జడుసుకోవచ్చు. అన్నదమ్ములంతా ఏడాదికోసారి కలిసే ఇంట్లో అయితే 2013 సంక్రాంతికి వచ్చిన సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు బాగా పండుతుంది. పెద్దోడు, చిన్నోడు మాట్లాడుకోకుండా ఒకే గదిలో కూర్చునే దృశ్యాల్లో మా బాబాయిలు ఒకరినొకరు చూసుకోకుండా టీవీనే చూశారు. 2017 సంక్రాంతి నాటి శతమానం భవతి మంచి సినిమానే, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ పరదేశంలో ఉన్న పిల్లలు పండక్కి రాలేకపోయిన ఇంట్లో దాన్ని వేయకండి. మేము ఒక ఏడు వేశాం. సగంలో ఆపేయాల్సి వచ్చింది.

ఏది వేసినా ప్రింటు చూసుకోండి. పాత సినిమాలకి యూట్యూబ్‌లో రకరకాల ప్రింట్లు తిరుగుతుంటాయి, కొన్నిట్లో పాటలు ఎగిరిపోయి ఉంటాయి. మాయాబజార్, మిస్సమ్మ రెండూ మూడు గంటల సినిమాలు. గుండమ్మ కథ ఒక పావుగంట తక్కువ. నిడివి రెండు గంటలు చూపిస్తుంటే ఏదో కత్తిరించారనే అర్థం. అందరూ కూర్చున్నాక వెతకటం మొదలుపెడితే ఆ పది నిమిషాల్లో సగం గది ఖాళీ అవుతుంది. మా చిన్నప్పుడు పండగ రాత్రికి వీసీఆర్, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్ళు. మా నాన్న సాయంత్రమే ప్రతి క్యాసెట్టూ పెట్టి మొదలు, మధ్య, చివర చూసి పక్కన పెట్టుకునేవాడు. నేనిప్పుడు ఫోన్లో అదే చేస్తాను.

మూడు రోజుల పండక్కి మా ఇంటి వరస ఇది: భోగి సాయంత్రం పిల్లలతో మాయాబజార్, సంక్రాంతి మధ్యాహ్నం గుండమ్మ కథ, కనుమ రాత్రి మిస్సమ్మ. మర్నాడు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు కాబట్టి ఆ రాత్రి ఎవరికీ త్వరగా నిద్రపట్టదు. శబ్దం తగ్గించి పెట్టండి, పక్క గదిలో పిల్లలు పడుకుని ఉంటారు. బృందావనం పాట దగ్గర అమ్మమ్మ మంచం మీద నుంచే చెయ్యి ఎత్తి సైగ చేస్తుంది. అప్పుడు కొంచెం పెంచవచ్చు.